పాత సామానుతో ఒంగోలు గిత్త: చువ్వ నుంచి గంగడోలు దాకా

ఒంగోలు గిత్తను అల్లంత దూరం నుంచే పట్టించేవి మూడు: నిటారు మూపురం, మెడ కింద మడతలు మడతలుగా వేలాడే గంగడోలు, మొదట్లో లావుగా ఉండే పొట్టి కొమ్ములు. ఈ మూడూ కుదిరితే ఒళ్లంతా ఖాళీ చువ్వలే ఉన్నా చూసినవాళ్లు "గిత్త" అంటారు. ఏ ఒక్కటి తప్పినా ఎంత పనితనం చూపించినా ఏదో ఒక ఎద్దు అంటారు. అందుకే పాత ఇనుముతో, వంటింటి స్టీలు సామానుతో గిత్తను చేసేటప్పుడు సగం శ్రమ ఈ మూడింటికే పోవాలి.

ఈ పద్ధతికి ఇంకో నియమం ఉంది. వాడిన వస్తువు గిత్తలో భాగం కావాలి, అదే సమయంలో తన రూపమూ పోగొట్టుకోకూడదు. పికాసో 1942లో సైకిలు సీటునూ హ్యాండిల్‌నూ కలిపి ఎద్దు తల చేశాడు. అందులో సీటు సీటులానే ఉంది, ఎద్దు ముఖమూ అయింది. బిహార్‌లో పుట్టిన సుబోధ్ గుప్తా స్టీలు గిన్నెలు, క్యారియర్లతో చేసే శిల్పాల్లోనూ అంతే, దగ్గరికి వెళ్తే అవి మనింటి గిన్నెలే. వస్తువును కోసి, సాగగొట్టి, రంగు పూసి ఆనవాలు లేకుండా చేసేటట్టయితే పాత సామాను ఎందుకు, కొత్త రేకు కొనుక్కుంటే పని తేలిక.

ఇక్కడ చెప్పే కొలతలు సగం సైజు గిత్తవి. కాళ్లు, వెన్ను, మూపురం అన్నీ ఉన్న పూర్తి బొమ్మ. కింద పీటగా పెట్టే రాయి కాకుండా బరువు 35 నుంచి 40 కిలోలు వస్తుంది. ఇద్దరు మనుషులు ఎత్తగలరు.

ముందు జంతువును చూడండి

ఫోన్లో దొరికే బొమ్మలు చాలావరకు ముందు నుంచి తీసినవి, కొలతకు పనికిరావు. గిత్తకు సరిగ్గా పక్కన, దాని భుజం ఎత్తులో ఫోను పెట్టి, కనీసం ఐదారు మీటర్ల దూరం నుంచి తీసిన ఫోటో కావాలి. సంక్రాంతి రోజుల్లో ప్రకాశం జిల్లాలో బండలాగుడు పోటీలు జరిగే చోట మంచి జతలు కనిపిస్తాయి. లాగుతున్నప్పుడు కాకుండా కట్టేసి ఉన్నప్పుడు తీయండి. లాగేటప్పుడు మెడ సాగి మూపురం ఆకారం మారుతుంది.

సిమెంటు నేల మీద సుద్దముక్కతో పక్క ఆకారాన్ని మనం చేయబోయే బొమ్మ సైజులోనే గీయాలి. నేల నుంచి భుజం దాకా, అంటే మూపురం కింది గీత దాకా, 75 సెం.మీ. రొమ్ము ముందు భాగం నుంచి పిరుదు చివర దాకా 80 సెం.మీ. ఛాతీ చుట్టుకొలత 95. ఛాతీ అడుగు నేల నుంచి 38 సెం.మీ. పైన ఉండాలి. తల నడినెత్తి నుంచి మూతి దాకా 27. మూపురం వెన్ను గీత మీద 11 సెం.మీ. లేస్తుంది.

కాళ్ల దగ్గర కొత్తవాళ్లు దాదాపు ఖాయంగా చేసే పొరపాటు ఒకటుంది. వెనక కాలి మధ్యలో కనిపించే కీలును మోకాలనుకుని మనిషి మోకాలిలా ముందుకు వంచేస్తారు. అది మన మడమతో సమానం, దాని మొన వెనక్కి తిరిగి ఉంటుంది. ఈ సైజులో అది నేల నుంచి 26 సెం.మీ. ఎత్తున వస్తుంది. అసలు మోకాలు పొట్ట అంచు దగ్గర, తొడ ముందు వైపు ఉంటుంది. ముందు కాలి మోకాలు 20 సెం.మీ. దగ్గర, దాదాపు నిటారుగా ఉంటుంది. సుద్ద గీతలో ఈ నాలుగు చోట్లా సున్నాలు చుట్టి పెట్టుకోండి.

ఏం ఏరాలి, ఏం వదిలేయాలి

నెల్లూరు, ఒంగోలు పాత ఇనుము కొట్లలో దొరికేదంతా ఇనుమే అయినా అంతా ఒకే ఇనుము కాదు. అతుకు నిలబడుతుందా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది. గ్రైండర్ ఆనించి నిప్పురవ్వలు చూడండి. మెత్తని ఇనుమైతే పొడవాటి పసుపు గీతలు వస్తాయి, చీలికలు తక్కువ. కార్బన్ ఎక్కువున్న ఉక్కు రవ్వలు చివర పువ్వుల్లా చిట్లుతాయి. పోత ఇనుమువి పొట్టిగా, ఎర్రగా ఉంటాయి. స్టెయిన్‌లెస్ స్టీలు నుంచి నారింజరంగు రవ్వలు కొద్దిగానే వస్తాయి, చిట్లడం చాలా తక్కువ.

మెత్తని ఇనుము మామూలు వెల్డింగ్ రాడ్డుతో హాయిగా అతుకుతుంది. పోత ఇనుము, అంటే పాత మోటారు బాడీ, బ్రేక్ డ్రమ్ము, అప్పటికి అతికినట్టే ఉండి చల్లారేటప్పుడు టప్పున పగులుతుంది. దానికి నికెల్ రాడ్డు కావాలి, ఖరీదు. బోల్టు వేసి బిగించడమే నయం. ప్రకాశం జిల్లా చీమకుర్తి రాతి క్వారీల నుంచి వచ్చే పాత డ్రిల్లు కడ్డీలు ఆరు పలకలతో, మధ్యలో బోలుగా భలే అందంగా ఉంటాయి, చూడగానే చెయ్యి పోతుంది. కానీ అవి గట్టి కార్బన్ ఉక్కు. అతుకు పక్కనే వెంట్రుకంత చీలిక వచ్చి, నెల తర్వాత విరుగుతుంది. లారీ కమాను పట్టీలదీ అదే గుణం. బరువు మోసే చోట వీటిని పెట్టకండి. అలంకారానికైతే అతికే చోట 200 డిగ్రీల దాకా వేడిచేసి, చెమ్మ లేని 7018 రకం రాడ్డుతో అతికి, బూడిదలోనో పొడి ఇసుకలోనో కప్పి నెమ్మదిగా చల్లార్చండి.

ఈ గిత్తకు కావలసిన ముఖ్యమైన వస్తువులు ఇవి. బాగా అరిగిన పార ఒకటి, కామ దిగే కన్ను చెడనిది. రెండు పాత గునపాల మొనలు. 22 సెం.మీ. వెడల్పు, 6 సెం.మీ. లోతున్న ఇనుప రేకు బాండీ ఒకటి. సైకిలు చైన్లు రెండు. బైకు చక్రం బేరింగులు, 6301 నంబరువి, నాలుగు. 24 ఎం.ఎం. నట్లు పదహారు. స్టీలు మూతలు, పళ్లేలు, గిన్నెలు కలిపి పదిహేను దాకా. స్టీలు గరిటెలు నాలుగు. సైకిలు బ్రేకు కేబులు రెండు. పొగాకు బ్యారన్లో, అంటే ఆకు కాల్చే కొట్టంలో, పొగ గొట్టాలుగా వాడి పారేసిన రేకు దొరికితే కొంచెం తెచ్చుకోండి. నిప్పు తగిలి తగిలి వచ్చిన ఆ నల్లదనం ఏ రంగు డబ్బాలోనూ లేదు.

స్టీలు సామాను విషయంలో ఒక మాట. మన ఇళ్లలో పెళ్లికి, గృహప్రవేశానికి ఇచ్చిన గిన్నెల మీద పేరు, తేదీ చుక్కలు చుక్కలుగా చెక్కించి ఉంటాయి. కొట్టువాడి కుప్పలో అవే వెతకండి. "చి.ల.సౌ." అని మొదలయ్యే వరుస గిత్త పక్కటెముక మీద పడితే దాన్ని మించిన నగిషీ లేదు. పాలిష్ పట్టి ఆ చుక్కలు పోగొట్టుకోకండి. ఇంట్లో అటక మీది సామానైతే ఇంటి పెద్దావిడను అడక్కుండా ముట్టుకోకండి.

పెట్రోలు ట్యాంకు మూపురంలా ఉందని తెచ్చుకునేవాళ్లున్నారు. ఏళ్ల తరబడి ఎండినా మడతల్లో ఆవిరి ఉంటుంది, వెల్డింగ్ రవ్వ పడితే పేలుతుంది. షాక్ అబ్జార్బర్లలో నూనె, కొన్నింట్లో ఒత్తిడి మీద గ్యాసు ఉంటాయి, వేడి తగలనివ్వకూడదు. సీలు వేసిన బేరింగును వెల్డు చేసినా లోపలి గ్రీజు కాగి ఎగజిమ్ముతుంది. జింకు పూత గొట్టాల నుంచి తెల్లటి పొగ వస్తుంది, పీల్చిన రాత్రి చలిజ్వరం వస్తుంది. వలలకు కట్టే సీసపు గుళ్లు, నాన్‌స్టిక్ పెనాలు అసలు వద్దు. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్ల షాఫ్టులు తరచూ స్టెయిన్‌లెస్సే, మంచి సరుకు. అయితే చెరువుల దగ్గర మోటార్లు, ఏరేటర్ సామాను దొంగతనాలు మామూలే, రసీదు ఇచ్చే కొట్టులోనే కొనండి.

శుభ్రం చేయడం

చైన్లను ఒక రాత్రి కిరసనాయిల్లో నానబెట్టి, ఇనుప బ్రష్షుతో తోమి, ఆరనివ్వాలి. బాండీకి పట్టిన నూనె మడ్డి కాస్టిక్ సోడా నీళ్లలో వదులుతుంది. సోడాను నీళ్లలో పోయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పవు. అల్యూమినియం గిన్నెలో కలపకండి, గిన్నెను తినేస్తుంది. తుప్పు వదిలించడానికి బాత్రూం యాసిడ్ వాడటం మనదగ్గర అలవాటు. అది తుప్పును వదిలిస్తుంది నిజమే, కానీ దాని ఆవిరి అదే షెడ్డులో ఉన్న మిగతా ఇనుమంతటికీ, గ్రైండర్‌కూ డ్రిల్లుకూ కూడా, రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. వైరు బ్రష్షు చక్రం చాలు.

పనిముట్లు

200 ఆంపియర్ల చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ మెషీన్, 4 అంగుళాల గ్రైండర్, డ్రిల్లు, పాప్ రివెట్ గన్, బెంచ్ వైస్ ఉంటే ఈ పని అయిపోతుంది. మెషీన్‌కు మీటరు నుంచి విడి లైను లాగించుకోండి. సాయంత్రాలు పల్లెల్లో వోల్టేజి పడిపోయినప్పుడు ఆర్క్ అంటుకోదు, రాడ్డు ఇనుముకు అతుక్కుపోతుంది. తప్పు చేతిది అనుకుని కరెంటు పెంచుకుంటూ పోకండి, పొద్దున పని చేసుకోండి.

రాడ్డు 6013 రకం, 2.5 ఎం.ఎం. కొట్లో 12 నంబరు అంటే ఇస్తారు. 70 నుంచి 85 ఆంపియర్లు. లావు చువ్వలు కలిసే చోట మాత్రం 3.15 రాడ్డు, 100 నుంచి 120. స్టెయిన్‌లెస్‌ను ఇనుముకు అతకాలంటే 309ఎల్ రాడ్డు కావాలి. మామూలు రాడ్డుతో అతికితే ఆ అతుకు పెళుసుబారుతుంది, అక్కడే ముందు తుప్పు పడుతుంది.

వెల్డింగ్ ముసుగుకు 11 నంబరు నల్ల అద్దం, తోలు చేతి తొడుగులు, నూలు ప్యాంటు, బూట్లు. లుంగీ, నైలాన్ చొక్కా, చెప్పులతో వెల్డింగ్ చేసేవాళ్లను రోజూ చూస్తుంటాం గానీ వాళ్ల కాళ్ల మీది మచ్చలు కూడా చూడండి. గ్రైండర్ గార్డు తీయొద్దు. 1 ఎం.ఎం. కటింగ్ చక్రం పక్కకు వంగితే ముక్కలై ఎగురుతుంది.

స్టీలు సామానుకు ఒక చక్రం, ఇనుముకు ఒక చక్రం విడిగా పెట్టుకోండి. ఇనుము కోసిన చక్రంతోనే గిన్నె కోస్తే ఇనుప పొడి గిన్నెలోకి దిగి, వారంలో ఎర్రచుక్కలు లేస్తాయి. తీరం దగ్గర ఇది మరీ ఎక్కువ. అప్పుడు చాలామంది "ఇది మంచి స్టీలు కాదు" అని గిన్నెను తిడతారు.

ఎముకల గూడు

12 ఎం.ఎం. చువ్వ ఒకటి, 8 ఎం.ఎం. చువ్వ ఒకటి కొంటే చాలు. చువ్వ పూర్తి పొడవు 12 మీటర్లు. 12 ఎం.ఎం.ది 10.7 కిలోలు, 8 ఎం.ఎం.ది 4.7 కిలోలు తూగుతుంది. వెన్నుకు 12 ఎం.ఎం. చువ్వలు రెండు పక్కపక్కన, మధ్యలో 4 సెం.మీ. సందుతో. ఒకటే పెడితే ఒళ్లు మెలిక తిరుగుతుంది. నెత్తి నుంచి పిరుదు దాకా సుద్ద గీత మీద పెట్టి వంచండి. గిత్త వెన్ను గీత తిన్నగా ఉండదు, మూపురం వెనక కొంచెం దిగి, నడుము దగ్గర మళ్లీ లేస్తుంది.

ఒక్కో కాలికి కూడా రెండేసి చువ్వలు, పైన 6 సెం.మీ. ఎడంగా మొదలై కింద కలిసేట్టు. సుద్ద గీతలోని సున్నాల దగ్గర వంచాలి. 8 ఎం.ఎం. చువ్వతో ఆరు పక్కటెముకలు. అవి గుండ్రటి కడియాలు కావు, కోడిగుడ్డు ఆకారంలో పైన సన్నం, కింద వెడల్పు. ఛాతీ దగ్గరిది పెద్దది, 95 చుట్టుకొలతతో, నడుము వైపు పోనుపోను తగ్గాలి.

ముందు అన్నీ టాకాలు, అంటే చుక్కంత వెల్డులు, మాత్రమే వేయండి. పూర్తి వెల్డు వేయకండి. నాలుగు గిట్టలనూ ఒక పాత యాంగ్లర్ ఫ్రేము మీద తాత్కాలికంగా టాకా వేసి, కాళ్ల మధ్య ఏటవాలుగా పనికిరాని చువ్వ ముక్కలు కట్టుగా పెట్టండి. అప్పుడు ఐదు మీటర్లు వెనక్కి వెళ్లి నాలుగు వైపుల నుంచీ చూడండి. ఈ దశలో టాకా విరగ్గొట్టి కాలు జరపడం రెండు నిమిషాల పని. మూతలు బిగించాక జరపడం అసాధ్యం. నచ్చాకే పూర్తి వెల్డు. ఒక చోట 2 సెం.మీ. వేసి, ఎదురు మూలకు వెళ్లి మరో 2 సెం.మీ., ఇలా తిరగాలి. ఒకే వైపు వరసగా వేసుకుంటూ పోతే వెల్డు చల్లారేటప్పుడు ముడుచుకుని ఆ వైపుకు లాగేస్తుంది. నాలుగు కాళ్లలో ఒకటి గాల్లో నిలిచిన బొమ్మలన్నీ ఇలా తయారైనవే.

గిట్టలకు 24 ఎం.ఎం. నట్లు. పక్కపక్కన రెండు, వాటి మీద మరో రెండు పెడితే చీలిన గిట్ట దానంతట అదే వచ్చేస్తుంది, వెడల్పు 7 సెం.మీ. ప్రతి గిట్టలోనూ ఒక నట్టు లోపల 12 ఎం.ఎం. మర చువ్వ నిలబెట్టి, కిందికి 5 సెం.మీ. మించకుండా వదిలి అతకండి. రాయిలో దిగేది అదే.

మోకాళ్లకు బేరింగులు. బేరింగు ఉక్కు వెల్డుకు లొంగదు, పగులుతుంది. 6301 బేరింగు లోపలి రంధ్రం 12 ఎం.ఎం., బయటి వెడల్పు 37. అందుకే దాన్ని అతకకుండా, కాలి రెండు చువ్వల మధ్య నుంచి 12 ఎం.ఎం. బోల్టు అడ్డంగా దూర్చి బిగించండి. ఒంగోలు గిత్తకు మోకాళ్ల దగ్గర నల్లమచ్చ ఉంటుంది. బేరింగును నల్లగా వదిలేస్తే ఆ మచ్చా వస్తుంది, కీలూ కనిపిస్తుంది.

తల

పారను చేతిలోకి తీసుకుని కామ దిగే కన్ను వైపు చూడండి. రేకు కిందికి వేలాడుతుంది, కామ ఏటవాలుగా వెనక్కి వెళ్తుంది. గిత్త ముఖానికీ మెడకూ మధ్య ఉండే కోణం దాదాపు ఇదే. కాబట్టి వెన్ను చువ్వలు రెంటినీ దగ్గరకు చేర్చి, కామ దూరాల్సిన కన్నులోకి దూర్చి, అక్కడే అతకాలి. అతుకు కన్ను దగ్గరే ఉండాలి, అంచు దగ్గర వద్దు. అంచు ఉక్కు గట్టిది.

కొత్త పార మరీ వెడల్పు. అరిగిందాన్ని కూడా రెండు పక్కలా కోసి, కళ్ల దగ్గర 13 సెం.మీ., మూతి దగ్గర 9 సెం.మీ. చేయాల్సి వస్తుంది. కన్ను, పై వంపు, మట్టిలో అరిగిన కింది అంచు మాత్రం ముట్టుకోకండి. ఆ మూడూ ఉన్నంతకాలం అది పారే. రేకు వెనక 8 ఎం.ఎం. చువ్వతో దవడ గీసి, పొగాకు బ్యారన్ రేకును మూతి చుట్టూ చుట్టండి. ఒంగోలు గిత్త మూతి నల్లగానే ఉంటుంది.

కొమ్ములకు గునపం మొనలు, 7 సెం.మీ. మించకుండా. ఎక్కువమంది ఇక్కడే చెడగొడతారు. పొడవాటి కొమ్ములు చూడ్డానికి గంభీరంగా ఉంటాయని సైకిలు హ్యాండిలో, వంచిన గొట్టమో పెడతారు, అప్పుడది మైసూరు వైపు ఎద్దు అవుతుంది. ఒంగోలు కొమ్ము మొదలు లావు, పొట్టి, బయటికీ కొంచెం వెనక్కీ ఉంటుంది. గునపం ఉక్కు కాబట్టి అతికే ముందు గ్యాస్ టార్చితో వేడి చేయండి.

చెవులకు గరిటెల గుంటలు, కాడ 3 సెం.మీ. వదిలి కోసి, 309ఎల్ రాడ్డుతో పక్కకు, కొంచెం కిందికి వాల్చి అతకాలి. గుంట ముందుకు తిరిగి ఉండాలి. కంటికి చైను పక్క ముక్క ఒకటి, మధ్యలో నొక్కినట్టుండే ఆ కోల ముక్క మీద ఒక 10 ఎం.ఎం. గుండ్రటి తల నట్టు. గిత్త కన్ను గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది, చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి గీత ఉంటుంది. ముక్కు రంధ్రాలకు 12 ఎం.ఎం. నట్లు రెండు, వాటిలోంచి బ్రేకు కేబులు దూర్చి చెవుల వెనకకు తీసుకెళ్లి ముడేస్తే ముకుతాడు.

గంగడోలు

రేకుతో చేసిన గంగడోలు పలకలా బిర్రుగా ఉంటుంది, అందులో బరువు ఉండదు. వేలాడేదాన్ని వేలాడే వస్తువుతోనే చేయాలి. ఘనాలో పుట్టిన శిల్పి ఎల్ అనాట్సుయి సీసా మూతలను రాగి తీగతో కలిపి గోడంత తెరలు చేస్తాడు. అవి వేలాడదీసిన ప్రతిచోటా కొత్తగా మడతలు పడతాయి. చైను కూడా అంతే, బరువు కొద్దీ తన వంపు తానే వెతుక్కుంటుంది.

దవడ కింద ఒక కొక్కెం, రొమ్ము అడుగున ఒక కొక్కెం, మధ్య దూరం సుమారు 40 సెం.మీ. సైకిలు చైను లింకు అర అంగుళం. మొదటి వరుసకు 34 లింకులు, తర్వాత 36, 38, 40, 42. ఐదు వరుసలు. మొదటిది 7 సెం.మీ. దాకా దిగుతుంది, చివరిది 14 దాకా. కిందికి పోనుపోను వరుసల మధ్య సందు తగ్గి, మడతలు దగ్గరపడినట్టు కనిపిస్తుంది. రెండేసి లింకులే ఎందుకు పెంచాలంటే, చైనులో వెడల్పు లింకు, ఇరుకు లింకు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. ఒకటే పెంచితే కొన కొక్కేనికి సరిపడదు. దవడ ఎత్తులో, రొమ్ము పల్లంలో ఉంటాయి కాబట్టి వంపు రొమ్ము వైపు ఎక్కువ జారుతుంది. అసలు గంగడోలూ అంతే.

చైను ఒక్క దిశలోనే వంగుతుంది. పిన్నులు అడ్డంగా, అంటే గిత్త ఎడమ నుంచి కుడికి ఉండేట్టు పెట్టాలి. తిప్పి పెడితే కర్రలా బిగుసుకుని పక్కకు తన్నుతుంది. కొనలను వెల్డు చేయకండి. చైను ఉక్కు వేడికి పెళుసై, గాలికి ఊగి ఊగి విరుగుతుంది. 6 ఎం.ఎం. బోల్టుతో బిగించండి. లింకులు విడదీయడానికి సైకిలు షాపులో ఉండే చైను కట్టరు చాలు.

మందం కోసం ఒక్కో కొక్కేనికి 5 సెం.మీ. అడ్డ బోల్టు పెట్టి, ఇరువైపులా ఒక్కో వరుస కాస్త ముందువెనకలుగా వేయవచ్చు. అంతకంటే ఎక్కువ వేస్తే తెరలా మూసుకుపోతుంది, వెనక వెలుతురు కనిపించదు.

మూపురం

బాండీని సరిగ్గా మధ్యకు కోయండి. రెండు ముక్కలనూ అంచుకు అంచు ఆనించి, బోర్లించినట్టు కాకుండా నిలబెట్టి కలిపితే కింద 22 సెం.మీ. పొడవు, 11 ఎత్తు, అడుగున 12 మందం ఉన్న మూపురం తయారవుతుంది. ఇరుపక్కలా నిండుగా ఉంటుంది, పైన సన్నబడుతుంది. అంచు వెంట 3 సెం.మీ.కి ఒక టాకా చాలు, మొత్తం మూసి నున్నగా రుద్దకండి. బాండీ చెవి ఒకటి అలాగే వదిలేయండి. ముందు భుజాల మీద, వెన్ను చువ్వలకు అడ్డంగా రెండు పట్టీలు అతికి, వాటి మీద కూర్చోబెట్టాలి, కొద్దిగా వెనక్కి ఒరిగేట్టు. అడుగున 6 ఎం.ఎం. బెజ్జాలు రెండు పెట్టకపోతే వాన నీరు నిలిచి లోపల్నుంచి తినేస్తుంది.

ఒళ్లు

గిత్త తెలుపు. తెల్ల రంగు వేయనక్కర్లేదు, స్టీలు మూతలే ఆ తెలుపు. మోకాళ్లు, మూతి, తోక కుచ్చు, మూపురం నల్ల ఇనుములో ఉంటే గిత్త రంగుల లెక్క సరిపోతుంది.

గిన్నెల రేకు చాలా పలుచన, ఆర్క్ తగిలితే బెజ్జం పడుతుంది. రివెట్లే దారి. పక్కటెముకల మీద 20 ఎం.ఎం. వెడల్పు, 3 ఎం.ఎం. మందం పట్టీ ముక్కలు అతికి, వాటికి ముందే ఎపాక్సీ ప్రైమరు వేసి ఆరనిచ్చి, తర్వాత మూతలను 4 ఎం.ఎం. స్టెయిన్‌లెస్ పాప్ రివెట్లతో బిగించండి. ఒక్కో మూతకు మూడు. ప్రైమరు మధ్యలో లేకపోతే ఉప్పుగాలి తడికి స్టీలు, ఇనుము తగిలే చోట ఇనుము త్వరగా తినుకుపోతుంది. అల్యూమినియం రివెట్లు చౌక, రెండు మూడు వానాకాలాలకు తెల్లటి పొడి అయిపోతాయి.

మూతను వంచి ఒంటికి అమర్చకండి. ఒంటి వంపుకు సరిపోయే మూతను వెతకండి. పిరుదులకు గిన్నె అడుగులు, పక్కలకు పళ్లేలు, మెడకు చిన్న మూతలు చేప పొలుసుల్లా పైది కిందిదాన్ని కప్పుతూ. కప్పకుండా వదిలే భాగం మూడో వంతు ఉండాలి. తెనాలి తుక్కు శిల్పుల పద్ధతిలో నట్లు, గేర్లు ఒళ్లంతా కిక్కిరిసి నింపడం మరో దారి, నిలువెత్తు విగ్రహాలకు అది బాగుంటుంది. ఈ సైజులో అలా నింపితే బరువు రెట్టింపై కాళ్లు ఓర్వవు, పైగా ఒక్క వస్తువూ విడిగా కనిపించదు.

కోసిన ప్రతి అంచునూ గ్రైండర్‌కు బిగించే గరుకు పట్టీల చక్రం, ఫ్లాప్ డిస్క్‌తో మొద్దు చేయండి. పిల్లలు గిత్తను చూడగానే ముందు వీపు మీద చెయ్యి వేస్తారు.

తోకకు బ్రేకు కేబులు పై తొడుగుతో సహా, వెనక కాలి కీలు దాటేంత పొడవు. చివర 8 సెం.మీ. తొడుగు తీసి తీగలు విప్పితే కుచ్చు.

ఉప్పుగాలికి కాపుదల

మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రతీరపు ఊళ్లలో బయట పెట్టేదైతే "తుప్పు కూడా అందమే" అనుకుని వదిలేయడం కుదరదు. ఉప్పు పేరుకున్న తుప్పు పొరలుగా లేచి రాలుతూనే ఉంటుంది, ఆగదు. ఇనుప భాగాలను ముందు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి, వైరు బ్రష్షు పట్టి, జింకు ఫాస్ఫేటు ఉన్న, రెండు డబ్బాలు కలిపి వాడే రకం ఎపాక్సీ ప్రైమరు ఒక పూత, దాని మీద మెరుపు లేని నల్ల పాలీయురేథేన్ రెండు పూతలు వేయాలి. ఉత్త ఇనుము మీద నేరుగా వార్నిష్ వేస్తే కింద తుప్పు వేళ్లు పోతుంది. పార ముఖం, బ్యారన్ రేకు అసలు రంగులోనే ఉండాలంటే బొమ్మను వరండాలోనో హాల్లోనో పెట్టుకుని, వాటికి తేనెమైనం రుద్దుకోవాలి. బయటికైతే ఆ ఆశ వదులుకోవాల్సిందే.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రంగు పనికి జనవరి నుంచి మార్చి దాకా మంచిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ, పూత కింద చెమ్మ చిక్కి బుడగలు లేస్తాయి. మేలో మధ్యాహ్నం ఇనుము చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, రంగు పరుచుకోకముందే ఆరిపోయి గరుకు తేలుతుంది.

గంగడోలుకు రంగు వేయకండి, లింకులు అతుక్కుపోతాయి. మూడు నెలలకోసారి బైకు చైనుకు కొట్టే నూనే కొట్టండి. స్టీలు మూతలను నెలకోసారి మంచినీళ్లతో కడిగితే చాలు.

పీట

చీమకుర్తి గెలాక్సీ రాయి ముక్కలు అక్కడి పాలిషింగ్ యూనిట్ల దగ్గర మూలల్లో పడి ఉంటాయి. నల్లరాయిలో బంగారు చుక్కలు మెరిసే రకం ఇది, వ్యాపారంలో గ్రానైటు అంటారు. 90 సెం.మీ. పొడవు, 40 వెడల్పు, 5 మందం ఉన్న పలక 54 కిలోల దాకా తూగుతుంది, గిత్త తూలకుండా ఆ బరువు అవసరమే. తల, మూపురం, గంగడోలు అన్నీ ముందే ఉన్నాయి కాబట్టి పలక వెనక కంటే ముందు వైపు 4 సెం.మీ. ఎక్కువ వదలండి.

నాలుగు గిట్టల కింది మర చువ్వల స్థానాలను అట్ట మీద దించుకుని, అట్టను రాయి మీద పెట్టి గుర్తులు పెట్టాలి. టేపుతో కొలిచి గుర్తు పెడితే ఒక కాలైనా కలవదు. డైమండ్ కోర్ బిట్టుతో, నీళ్లు పోస్తూ, సుత్తి దెబ్బ లేకుండా 14 ఎం.ఎం. బెజ్జాలు అవతలికి పోయేలా వేయండి. హ్యామర్ మోడ్‌లో వేస్తే అడుగు వైపు పెచ్చు లేస్తుంది. అడుగున నట్టు దాగేంత గుంట తీసి, చువ్వకు ఎపాక్సీ పూసి దూర్చి, వెడల్పు వాషరుతో బిగించండి. నట్టును గట్టిగా బిగించొద్దు, రాయి పగిలేది అక్కడే. వాషరు కదలకుండా ఆగాక పావు చుట్టు చాలు, మిగతా పట్టు ఎపాక్సీ చూసుకుంటుంది. పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు వదిలేయండి. ఆ తర్వాత కూడా ఎత్తేటప్పుడు కొమ్ములూ మూపురమూ పట్టుకోకుండా, పొట్ట కింద తాళ్లు వేసి, పలకనూ గిత్తనూ కలిపి ఎత్తాలి. గంగడోలును అంతసేపూ ఒక పాత గుడ్డతో మెడకు కట్టి ఉంచండి, లేకపోతే ట్రాలీ కుదుపులకు చైన్లు కాళ్లకు కొట్టుకుని ముందు కాళ్ల రంగు లేచిపోతుంది.